అడవి ఏనుగు బక్కచిక్కిందా, జబ్బు పడిందా: ఫొటో చూసి చెప్పగలమా?

కౌండిన్య_బాట
పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగుల జాడ నమోదు చేయడానికి అటవీ సిబ్బంది వెంట నెలకు రెండు మూడుసార్లు వెళ్తుంటాను. ఏప్రిల్ మొదటి వారంలో, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, చెరువు గట్టుకు అవతల ఒక ఒంటరి మగ ఏనుగు కనిపించింది. దాని పక్కటెముకలు బయటికి తేలి ఉన్నాయి, వెన్ను గట్టులా పైకి లేచింది, తుంటి ఎముకకు ముందు లోతైన గుంట పడింది. ఫొటోను మా ఊరి వాట్సాప్ బృందంలో పెడితే ఆకలితో చచ్చిపోతోందని, అరటి గెలలు తీసుకెళ్లి వేద్దామని కొందరు అన్నారు. కడుపులో ఏదో జబ్బు ఉందని, మత్తు సూది వేసి పరీక్ష చేయించాలని మరికొందరు పట్టుబట్టారు. ఒకాయన అది ముసలిదని తేల్చేశారు. ముట్టుకోవడానికి వీలులేని జంతువు ఒంటి తీరును ఎలా కొలుస్తారు? ఆ కొలతను బట్టి దాని ఆరోగ్యం గురించి ఎంతవరకు మాట్లాడవచ్చు? ఈ రెండు ప్రశ్నలకు తెలిసినవారు జవాబు చెప్పాలని కోరుతున్నాను. ఫొటో జతచేశాను.

కరుణ_కడప
ఇందులో కొలవడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు. ఎముకలు కనిపిస్తున్నాయంటే తిండి లేదని అర్థం. మీరు ఇక్కడ లెక్కలు వేసుకునే లోపల అది పడిపోతుంది. నాలుగు గెలలు, కొంచెం బెల్లం చెరువు దగ్గర పెట్టి రండి.

పశువైద్యం_మదనపల్లె
కరుణ గారూ, మీ బాధ అర్థమవుతుంది, కానీ దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. తిండి పెట్టిన చోటికి ఏనుగు మళ్లీ వస్తుంది, అది వచ్చే దారిలో ఇళ్లు, కరెంటు తీగలు, బడికి వెళ్లే పిల్లలు ఉంటారు. జింకల విషయంలో అయితే ఇంకా ప్రమాదం, ఎండు గడ్డికి అలవాటు పడిన నెమరువేసే జంతువుకు ఒక్కసారిగా బియ్యమో మొక్కజొన్నో ఎక్కువగా పెడితే కడుపులో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. ఎముక కనిపించడం ఒక గుర్తు మాత్రమే, దానికి కారణాలు చాలా ఉంటాయి. ఎండాకాలపు తిండి కొరత, నులిపురుగులు, దంతాల అరుగుదల, పాత తుపాకీ గాయం, నాటుబాంబు కొరికిన నోటి పుండు, ఇవన్నీ బయటికి ఒకే రకంగా కనిపిస్తాయి. ఏనుగుకు జీవితకాలంలో ఆరు విడతలుగా దవడ పళ్లు వస్తాయి, చివరి విడత అరిగిపోతే చుట్టూ మేత ఉన్నా నమలలేక చిక్కిపోతుంది. రక్తపరీక్ష లేకుండా ఫొటోను చూసి జబ్బు పేరు చెప్పే పశువైద్యుడిని నేను నమ్మను.

పాలకేంద్రం
మేము గేదెలకు, ఆవులకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేస్తాం. వెన్నుపూసల మీద, తోక మొదట్లో చేత్తో తడిమి, కొవ్వు ఎంత తగులుతోందో చూసి, పావు మార్కు తేడాతో సహా రాసుకుంటాం, ఈనే ఆవుకు మూడు, మూడున్నర మధ్య ఉంటే సంతోషిస్తాం. బరువుకు కాటా కూడా అక్కరలేదు. గుండె దగ్గర చుట్టుకొలతను అదే చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని ఒంటి పొడవుతో హెచ్చించి, అంగుళాల్లో వచ్చిన ఆ లెక్కను 300తో భాగిస్తే పౌండ్లలో బరువు దాదాపుగా వస్తుంది. అడవి ఏనుగు చుట్టూ టేపు ఎవరు వేస్తారు అన్నదే నా సందేహం.

లద్దె_పరిశోధకురాలు
పాలకేంద్రం గారి పద్ధతే ఏనుగుకూ వాడుతున్నారు, చేతికి బదులు కంటితో. ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా చూడడం అందులో ముఖ్యం. కణత దగ్గర గుంట పడిందా, నిండుగా ఉందా చూస్తారు. జబ్బ ఎముక అంచు తేలిందా, పక్కటెముకలు ఎన్ని కనిపిస్తున్నాయి, నడుము దగ్గర వెన్ను ఎంత ఎత్తుగా లేచింది, తుంటి ఎముక ముందు పల్లం ఉందా అని వరుసగా చూసి, ప్రతి భాగానికి వేసిన మార్కులను కూడతారు. ఆసియా ఏనుగుల కోసం 2006లో ప్రచురించిన ఒక పద్ధతిలో మొత్తం సున్నా నుంచి పదకొండు వరకు ఉంటుంది, తరువాత వచ్చిన కొన్ని పద్ధతులు ఒకటి నుంచి ఐదుకే పరిమితమయ్యాయి. మొత్తం మీద ఒంటిని చూసి "సన్నగా ఉంది" అనడానికి, భాగాలవారీగా మార్కులు వేయడానికి చాలా తేడా ఉంది. మొదటిదానిలో మన మనసు మాట్లాడుతుంది, రెండోదానిలో కన్ను పనిచేస్తుంది.

మీ ఫొటోలో వెన్ను, తుంటి స్పష్టంగా ఉన్నాయి. పక్కటెముకల విషయంలో మాత్రం నేను తొందరపడను, ఎందుకంటే సాయంత్రం ఐదున్నరకు ఎండ పక్కనుంచి పడి ప్రతి ముడతకూ నీడ వస్తుంది. అదే ఏనుగు మధ్యాహ్నం పూట, బురద పూసుకుని నిలబడి ఉంటే మీరు ఆ ఎముకలను గమనించేవారే కాదు.

నల్లమల_నడక
నీడ సంగతి నిజం. మా వైపు కెమెరా ట్రాపులో (జంతువు కదలికకు తానే ఫొటో తీసే కెమెరాలో) పడిన ఒక ఆడపులిని రాత్రి ఫొటోలో చూసి కడుపు అంటుకుపోయిందని కంగారు పడ్డాం, నాలుగు రోజుల తరువాత అదే పులి పొట్ట నేలకు ఆనుతుందేమో అన్నంత నిండుగా కనిపించింది. వేటాడే జంతువు పొట్టను చూసి ఒంటి తీరు చెప్పకూడదని అప్పుడు తెలుసుకున్నాం. తుంటి, వెన్ను, మెడ చూడాలి.

రాగిచేను
కుప్పం దగ్గర మాకు నాలుగెకరాలు ఉంది, అందులో రాగి, టమాటా వేస్తాం. ఇక్కడ ఏనుగు సన్నబడిందని అందరూ బాధపడుతున్నారు, మంచిదే. నా చేలో తిని ఒళ్లు చేసిన ఏనుగులను నేను చూశాను. గంటన్నరలో ఎకరం రాగిని నేలమట్టం చేసి, గింజ పట్టిన వెన్నులను మాత్రం ఏరుకుని తిని వెళ్లిపోయాయి. మీ లెక్కలో వాటికి ఐదుకు ఐదు మార్కులు పడతాయి కాబోలు. నా పంట తిని లావెక్కితే దాన్ని ఆరోగ్యం అంటారా?

లద్దె_పరిశోధకురాలు
రాగిచేను అన్నా, మీరు అడిగిన ప్రశ్న ఈ చర్చలో అన్నింటికంటే పెద్దది, దానికి తేలిక జవాబు నా దగ్గర లేదు. ఎండాకాలంలో ముదిరిన అడవి గడ్డిలో మాంసకృత్తులు బాగా తగ్గిపోతాయి, రాగి వంటి పంటలో మాంసకృత్తులతో పాటు సున్నమూ (కాల్షియం) ఉప్పూ ఎక్కువగా ఉంటాయి, అందుకే ఏనుగు ప్రాణాలకు తెగించి చేలోకి వస్తుందని ఆచార్య రామన్ సుకుమార్ దక్షిణ భారతంలో దశాబ్దాల పాటు చేసిన పరిశోధన చెబుతోంది. ఆయన బృందం తరువాతి కాలంలో లద్దెలోని హార్మోన్లను కొలిచింది. బందీపూర్, ముదుమలై అడవుల్లో ఎండాకాలంలో ఏనుగుల ఒంటి మార్కులు పడిపోయి, లద్దెలో ఒత్తిడి హార్మోను అవశేషాలు పెరిగాయని 2017లో ప్రచురించారు. 2019లో వచ్చిన మరో పత్రంలో, పంట పొలాల్లో తిరిగే ఏనుగుల ఒంటి తీరు మెరుగ్గా ఉండడమే కాక, వాటి లద్దెలో ఆ ఒత్తిడి అవశేషాలు అడవి ఏనుగుల కంటే తక్కువగా ఉన్నాయని తేలింది. నేను మొదటిసారి చదివినప్పుడు దాన్ని నమ్మలేకపోయాను, ఎందుకంటే టపాకాయలు, కాగడాలు, అరుపుల మధ్య తిరిగే జంతువుకే ఒత్తిడి ఎక్కువ ఉంటుందని మనం అనుకుంటాం. మంచి మేత ఆ భయాన్ని కొంతవరకు మింగేస్తోందని ఆ పరిశోధకులు భావించారు.

రాగిచేను
అయితే నా రాగి వాటికి మందులాగా పనిచేస్తోందన్న మాట. చెప్పినందుకు సంతోషం. నష్టపరిహారం కాగితాల్లో ఈ సంగతి రాయడానికి గడి ఏదీ ఉండదు.

పశువైద్యం_మదనపల్లె
అన్నా, మీ నష్టం చిన్నది కాదు. నేను వైద్యుడిగా ఒక మాట కలుపుతాను. చేలో తిని నిండుగా ఉన్న మగ ఏనుగు, అదే రాత్రి ఎవరో పందుల కోసం కట్టిన కరెంటు తీగ తగిలి చనిపోతే, శవపరీక్షలో దాని గుండె చుట్టూ, మూత్రపిండాల చుట్టూ కొవ్వు పుష్కలంగా ఉంటుంది. ఒంటి మార్కు అది నిన్నటి దాకా ఏం తిన్నదో చెబుతుంది, రేపు బతుకుతుందో లేదో చెప్పదు. అలాగే గున్న ఏనుగులకు వచ్చే హెర్పిస్ వైరస్ జబ్బు, బొద్దుగా ఆడుకుంటున్న పిల్లను కూడా రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు వరుసగా చనిపోయినప్పుడు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు వైరస్ బయటపడింది. అలాంటి జబ్బు వచ్చిన తొలి రోజుల్లో ఫొటో తీసి ఉంటే దానికి పూర్తి మార్కులే వచ్చేవి.

గిజిగాడు_నెల్లూరు
పక్షుల్లో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. గుర్తు కోసం కాలికి రింగు వేయడానికి పట్టుకున్న పిట్టను చేతిలో వెల్లకిలా పెట్టి, గొంతు కింద ఈకలను నోటితో ఊదితే, పల్చటి చర్మం కింద కొవ్వు పసుపు రంగులో కనిపిస్తుంది, దానికి మార్కు వేస్తారు. వలస బయలుదేరే ముందు కొన్ని తీరపక్షులు తమ బరువుకు దాదాపు రెండింతలు అవుతాయి. ఆ కొవ్వు సముద్రం దాటాక ఉండదు. దిగిన రోజు తూచి "జబ్బు పిట్ట" అని రాస్తే తప్పు మనది.

వనమిత్ర_తిరుపతి
అసలు మత్తు సూది వేసి ఒక్కసారి రక్తం తీస్తే ఈ అనుమానాలన్నీ తీరిపోతాయి కదా. ఇంత దూరం నుంచి కళ్లు చిట్లించి మార్కులు వేసుకోవడం ఎందుకు? డాక్టరు గారే రక్తపరీక్ష లేకుండా ఏమీ చెప్పలేనని అన్నారు.

పశువైద్యం_మదనపల్లె
నేను జబ్బు పేరు చెప్పలేనన్నాను, అందరికీ సూది వేయమనలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక ఊరి చెరువులో చిక్కుకున్న కృష్ణజింకను పట్టి తరలించే పనిలో నేను ఉన్నాను. మేము దాన్ని నలభై నిమిషాలు తరిమాం. మత్తు బాగానే ఎక్కింది, బాగానే దిగింది, లేచి నడిచింది, అందరం చప్పట్లు కొట్టాం. మూడో రోజు వెనుక కాళ్లు పడిపోయి, మూత్రం కాఫీ రంగులోకి మారి చనిపోయింది. తరిమినప్పుడు కలిగిన భయానికి, పరుగుకు కండరాలు లోపల కరిగిపోయి, ఆ వ్యర్థం మూత్రపిండాలను మూసేసింది. దాని ఎత్తు, బరువు, నాడి, ఉష్ణోగ్రత, అన్నీ నా పుస్తకంలో శుభ్రంగా రాసి ఉన్నాయి. ఆ పేజీని నేను ఇప్పటికీ చించలేదు.

ఏనుగుకు మత్తు ఇస్తే ఇంకో చిక్కు ఉంది. అది రొమ్ము మీద కూర్చుండిపోతే ఆ బరువుకు ఊపిరి ఆడదు, నీటి దగ్గర పడితే తొండం మునుగుతుంది. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా ఎవరూ పట్టకూడదు. గాయమో, ప్రాణాపాయమో కనిపిస్తే అప్పుడు సూది తప్పదు. కుతూహలం తీర్చుకోవడానికి మాత్రం వేయకూడదు.

నల్లమల_నడక
పరికరం తగిలించాక కూడా చూస్తూనే ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానంలో 2023 వర్షాకాలంలో చీతాల మెడల మీద రేడియో కాలర్ల కింద పుండ్లు పడి పురుగులు పట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరోగ్యం గమనించడానికి కట్టిన పట్టీ కిందే పుండు దాగి ఉంది.

సియాటిల్_వాన
నేను ఉండే అమెరికాలోని సియాటిల్ దగ్గర సముద్రంలో ఓర్కాలు (నలుపు తెలుపు రంగుల పెద్ద సముద్ర జంతువులు, కిల్లర్ వేల్ అంటారు) ఉన్నాయి, వాటిని పట్టడం ఊహకు కూడా అందదు. ఇక్కడ రెండు పనులు చేస్తున్నారు. మొదటిది, డ్రోనుతో నిలువుగా పైనుంచి ఫొటో తీసి, డ్రోను ఎత్తును బట్టి ఒంటి పొడవు, వెడల్పు లెక్కగడతారు. ఓర్కా కంటి వెనుక తెల్లటి మచ్చ ఉంటుంది. తల వెనుక కొవ్వు కరిగే కొద్దీ పైనుంచి చూస్తే రెండు వైపుల మచ్చల మధ్య దూరం మారుతుంది, బాగా చిక్కితే తల వేరుశెనగ కాయలా నడుమ నొక్కుకుపోతుంది. రెండోది, పడవ ముక్కున నిలబెట్టిన కుక్క వాసన పట్టి నీటి మీద తేలే ఓర్కా మలం వైపు దారి చూపిస్తుంది.

లద్దె పరిశోధకురాలు గారు చెప్పిన ఒత్తిడి హార్మోనుకు తోడు, ఆ మలంలో థైరాయిడ్ హార్మోనును కూడా కొలిచారు. ఒత్తిడి హార్మోను ఆకలికీ పెరుగుతుంది, పడవల రొదకూ పెరుగుతుంది, థైరాయిడ్ మాత్రం ముఖ్యంగా తిండి తగ్గినప్పుడు పడిపోతుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆకలి ఏదో, అలజడి ఏదో విడదీయవచ్చు. ఆ ఓర్కాల ముఖ్య ఆహారమైన చినూక్ సాల్మన్ చేప తగ్గిన ఆ సముద్రంలో 2008 నుంచి 2014 వరకు గుర్తించిన గర్భాల్లో 69 శాతం దాకా నిలవలేదని 2017లో ప్రచురించారు. ఆ ఆడ ఓర్కాలలో ఒక్కదాన్నీ ఎవరూ తాకలేదు.

లద్దె_పరిశోధకురాలు
సియాటిల్ గారు చెప్పిన ఆ విడదీసే పద్ధతి మన దగ్గరా అవసరం. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వారి వన్యప్రాణుల ప్రయోగశాల లాకోన్స్ చాలా ఏళ్లుగా మలంలోని హార్మోన్ల మీద పనిచేస్తోంది. కాన్హా, బాంధవ్‌గఢ్ పులుల మలాన్ని పరీక్షించి, పర్యాటకుల వాహనాలు తిరిగే రోజుల్లో ఒత్తిడి అవశేషాలు ఎక్కువగా ఉన్నాయని 2019లో చూపించింది వారే. అయితే లద్దె తాజాగా ఉండాలి, ఎండలో పడి ఉంటే సూక్ష్మజీవులు ఆ హార్మోనును మార్చేస్తాయి. అది చెప్పేది కూడా ఒకటి రెండు రోజుల నాటి కథే.

కౌండిన్య_బాట గారూ, మిమ్మల్ని మూడు విషయాలు అడగాలి. ఏనుగు కన్నుకు, చెవికి మధ్య నల్లటి చార ఏదైనా ఉందా? అది నిలబడిన చోట అడుగు కొలిచారా? ఇదే ఏనుగును ఇంతకు ముందు ఎవరైనా చూశారా?

కౌండిన్య_బాట
ఫొటోను పెద్దది చేసి చూశాను. కణత నుంచి దవడ దాకా ఆరిపోయిన చార ఉంది, అది బురద అనుకున్నాను. ఏనుగు వెళ్లిపోయాక సిబ్బంది ముందరి కాలి అడుగు చుట్టూ దారం వేసి కొలిచారు, 130 సెంటీమీటర్లు వచ్చింది. ఇంతకు ముందు నేను చూడలేదు. కుడి చెవి కింది అంచున అరచేయంత చీలిక ఉంది, తోక చివర వెంట్రుకలు లేవు.

పశువైద్యం_మదనపల్లె
ముందరి పాదం చుట్టుకొలతకు రెండింతలు భుజం ఎత్తు అని మావటీలకూ మాకూ తెలిసిన లెక్క, కాబట్టి ఇది సుమారు రెండు మీటర్ల అరవై సెంటీమీటర్ల ఎత్తున్న ఎదిగిన మగ ఏనుగు. ఆ చార మదం కారిన గుర్తు కావచ్చు. మదంలో ఉన్న మగ ఏనుగు వారాల తరబడి సరిగా మేయకుండా ఆడ ఏనుగుల కోసం తిరుగుతుంది, మదం దిగేసరికి ఒళ్లు బాగా తగ్గుతుంది. దానికి ఎండాకాలం తోడైంది. ఇది జబ్బు కాదని నేను హామీ ఇవ్వను, కానీ నిన్న నా మనసులో ఉన్న అనుమానాల వరుసలో ఇప్పుడు ఇది ముందుకు వచ్చింది.

రాగిచేను
కుడి చెవి చీలిక, బోడి తోక ఉన్న ఏనుగా? దాన్ని నేను బాగా ఎరుగుదును. డిసెంబరులో రాగి కోతల నాడు మా గట్టు మీద తెల్లవారుజామున నిలబడింది. అప్పుడు దాని వెన్ను మీద గట్టు లేదు, నడుము నిండుగా ఉంది, తుంటి దగ్గర గుంట లేదు. మా తమ్ముడి కొడుకు ఫోనులో వీడియో తీశాడు, వెతికి పెడతాను. రెండేళ్ల కిందట కూడా మామిడి పూత కాలంలో సన్నగా కనిపించి, వానలు పడ్డాక తేరుకుంది.

లద్దె_పరిశోధకురాలు
అన్నా, ఆ వీడియో ఈ చర్చలోని మా పత్రాలన్నింటికంటే ఈ ఏనుగుకు ఎక్కువ పనికొస్తుంది. ఒకే జంతువు, వేర్వేరు కాలాలు, ఒకే రకమైన మార్కులు, ఇవి దొరకడమే కష్టం. అది గతంలో ఏ స్థాయికి దిగి ఎక్కడికి తేరుకుందో తెలిస్తే, ఈసారి పడిపోవడం మామూలా, కాదా అని అడగవచ్చు.

కరుణ_కడప
అయితే వానలు వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలా? తేరుకోకపోతే?

పశువైద్యం_మదనపల్లె
ఊరికే కూర్చోవద్దు. నడకలో కుంటు ఉందా, తొండంతో మేత నోటికి అందుకుంటోందా, నమిలేటప్పుడు జారవిడుస్తోందా, లద్దెలో నమలని పీచు పొడవుగా ఉందా, నీటిలోనే గంటల తరబడి నిలబడుతోందా చూడండి. నోటి పుండు ఉన్న ఏనుగు నీటిని వదలదు. వీటిలో ఒక్కటి కనిపించినా అదే రోజు అటవీ శాఖకు కబురు చేయండి, అప్పుడు సూది గురించి నేనే మాట్లాడతాను.

కౌండిన్య_బాట
ఒక పని చేశాను. నా ఫొటోను, రాగిచేను అన్న పంపిన డిసెంబరు వీడియోలోని ఒక చిత్రాన్ని, తేదీ చెప్పకుండా నలుగురు సభ్యులకు విడిగా పంపి, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమన్నాను. ఒకరి మార్కు మరొకరికి చూపించలేదు. డిసెంబరు చిత్రానికి నలుగురూ నాలుగు వేశారు. ఏప్రిల్ ఫొటోకు ముగ్గురు రెండు వేస్తే, ఒకరు మూడు వేశారు. మూడు వేసినది పాలకేంద్రం గారు.

పాలకేంద్రం
అవును, నేనే. నేను పక్కటెముకలను పక్కన పెట్టి, కణత నిండుగా ఉందని ఎక్కువ విలువ ఇచ్చాను. గేదెలో మాకు కణత లెక్కలోకి రాదు, అందుకే తేడా పడి ఉంటుంది. మిగతా ముగ్గురూ ఏ భాగానికి ఎంత వేశారో చెబితే నేను మళ్లీ చూస్తాను.

లద్దె_పరిశోధకురాలు
మార్చకండి, మీ మూడు అలాగే ఉండనివ్వండి. నలుగురిలో ఒకరు ఎంత తేడాగా చూస్తారో కూడా రికార్డులో ఉండాలి. వచ్చే నెల నుంచి కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, వీలైతే వెనుక నుంచి ఒకటి, ఎండ నిలువుగా ఉన్నప్పుడు తీద్దాం. తేదీ, వేళ, చోటు, మదం చార ఉందా లేదా అని పక్కన రాద్దాం. ఏనుగు ఉన్న కచ్చితమైన చోటును మాత్రం ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు.

రాగిచేను
నిన్న తెల్లవారుజామున మా బావి దగ్గరికి వచ్చింది. అరుపులు లేకుండా దూరం నుంచే టార్చి వేసి చూశాం. కుంటు లేదు, చింత కొమ్మ విరిచి బాగానే నమిలింది. కణత చార ఆరిపోయి ఉంది. తుంటి గుంట అలాగే ఉంది. గట్టు మీద లద్దె వేసింది, ఇంకా పచ్చిగా ఉంది, మూత ఉన్న డబ్బాలో పెట్టనా?

లద్దె_పరిశోధకురాలు
దాన్ని ఎత్తవద్దన్నా, సేకరించడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, బీటు అధికారితో నేను ఈ రోజే మాట్లాడతాను. అప్పటిదాకా పక్కన అగ్గిపెట్టె పెట్టి కొలత తెలిసేలా ఒక ఫొటో తీయండి, కర్రతో ఒక ముద్దను విప్పి లోపలి పీచు పొడవు కనిపించేలా ఇంకొకటి తీయండి, ఎండ తగలకుండా దాని మీద ఆకులు కప్పండి.

రాగిచేను
తీశాను. పీచు నా బొటనవేలంత పొడవు ఉంది, మధ్యలో రాగి గింజలు లేవు, అంతా వెదురు, చింత ఆకు. ఆకులు కప్పి, కుక్కలు రాకుండా మా వాడిని అక్కడే కూర్చోబెట్టాను. పది గంటల్లోపు ఎవరినైనా పంపండి, తరువాత అక్కడ ఎండ పడుతుంది.